మా ఊరి ఆడవాళ్ళకు చూపు పోయిన రోజు

మొన్న ఆదివారం అమ్మ ట్రంకుపెట్టె ఎండలో పెడదామని తీసి, పట్టుచీరల మడతలు దాటి అడుగునున్న పాత దుప్పట్ల కిందికి చెయ్యి పోనిస్తే, ఒక వంగపండు రంగు జాకెట్టు చేతికి తగిలింది. కలరా ఉండల ఘాటుతో పాటు ఇన్నేళ్ళయినా పోని సన్నటి కుట్టుమిషను నూనె వాసన ముక్కుకు సోకింది. ఆ జాకెట్టును అమ్మ ఒక్కసారే తొడుక్కుంది. దాన్ని లోపలివైపుకు తిప్పి, వెనక అంచు మడత దగ్గర వేలు పెట్టి, కిటికీ వెలుతురుకు ఎత్తి చూశాను. సూది చిల్లులు ఇంకా ఉన్నాయి. ఒకప్పుడు అక్కడ మూడు తెల్లదారం కుట్లు ఉండేవి. కత్తెర మొనతో వాటిని ఎత్తి ఒక్కొక్కటే లాగిపారేసిన చేతులు మా అమ్మవి, ఎదురుగా నిలబడి తీయించింది మా తాతయ్య, ఆ కుట్ల సంగతి తాతయ్య చెవిన వేసింది నేను.

మాది రామచంద్రపురానికి నాలుగు మైళ్ళ దూరంలో, పంట కాలవను ఆనుకుని ఉన్న ఊరు. ఊరికి రెండే వీధులు, తూర్పు వీధి, పడమటి వీధి. ఊరికి రెండే పార్టీలు కూడా. రాష్ట్రంలో ఉన్న రెండు పెద్ద పార్టీల్లో ఒకటి తూర్పు వీధిదీ, రెండోది పడమటి వీధిదీ. ఎవరు ఎప్పుడు పంచిపెట్టారో తెలియదు కానీ నేను పుట్టేసరికి పంపకం అయిపోయింది. టీ కొట్లు రెండు, మంగలి షాపులు రెండు, వినాయక చవితికి పందిళ్ళు రెండు, ఆ పందిళ్ళలో పోటీలు పడి అరిచే మైకులు రెండు. చవితినాడు మా పందిట్లో ఉండ్రాళ్ళు, పాలతాలికలు తిని చేతులు కడుక్కోకుండానే అవతలి పందిట్లో పులిహోర ఎలా ఉందో చూద్దామని పరుగెత్తితే వీపు విమానం మోత మోగేది. తొక్కుడుబిళ్ళ ఆడటానికి గీసుకునే గళ్ళు కూడా మా వీధి మొదట్లో మావి మావే. పడమటి వీధి పిల్లలతో బడిలో ఒకే బల్ల మీద కూర్చుని, ఒకే పలకబలపం పంచుకుని, సాయంత్రం గంట కొట్టగానే ఎవరో తెలియనట్టు విడిపోయేవాళ్ళం. ఇందులో వింతేముందని మాకెప్పుడూ అనిపించలేదు. పేరు, ఇంటిపేరు ఉన్నట్టే మనిషికి పార్టీ కూడా ఉంటుందనీ, అదీ పుట్టుకతోనే వస్తుందనీ నేను నిజంగా నమ్మేదాన్ని.

ఈ రెండు వీధులకూ మధ్యలో, కాలవ వంతెన దగ్గర, సిమెంటు నీళ్ళట్యాంకు ఉండేది. దాని కాళ్ళ దగ్గర రెండు ఇనప వాల్వులు. ఒకటి తిప్పితే మా వీధికి నీళ్ళు, రెండోది తిప్పితే వాళ్ళకి. పంచాయితీలో ఎవరు గెలిస్తే వాళ్ళ వాల్వు పొద్దున్న గంటసేపు తిరిగేది, ఓడినవాళ్ళది పావుగంట. ఎండాకాలంలో మరమ్మతుల కోసం కాలవలు కట్టేసేవారు, కాలవ అడుగు బీటలువారి చేపపిల్లల ఎముకలు తేలేవి, బోరు నీళ్ళు నోట పెడితే ఉప్పగా ఉండేవి. ఆ రెండు నెలలూ ఓడిన వీధి ఆడవాళ్ళు బిందె చంకన పెట్టుకుని పక్క ఊరిదాకా నడిచేవారు. అయిదేళ్ళు వీళ్ళు, అయిదేళ్ళు వాళ్ళు. మగవాళ్ళు ఓడిపోతే ఆడవాళ్ళు మోసేవారు. మా అమ్మ నడుముకు ఎడమవైపు బిందె అంచు ఒరుసుకుని నల్లగా కాయ కాసి ఉండేది, నాకు స్నానం చేయించేటప్పుడు దాన్ని నేను వేలితో రుద్దితే పోతుందేమోనని రుద్దేదాన్ని.

ఆ ట్యాంకుకు ఎదురుగా, ఏ వీధికీ చెందని పెంకుటింట్లో తాయారత్త ఉండేది. మాకు చుట్టం కాదు, కానీ అమ్మ ఆవిణ్ణి వదినా అని పిలిచేది కాబట్టి నాకు అత్త. సామర్లకోట నుంచి ఈ ఊరికి కోడలిగా వచ్చి, పెళ్ళయిన నాలుగేళ్ళకే భర్త పోతే, పుట్టింటికి వెళ్ళిపోకుండా అరుగు మీద కుట్టుమిషను వేసుకుని కూర్చుంది. ఊళ్ళో ఆడవాళ్ళందరి జాకెట్లూ, ఆడపిల్లలందరి పరికిణీలూ ఆవిడ చేతి మీదుగానే వెళ్ళేవి. కొలతలు కాగితం మీద రాసుకోగా నేను చూడలేదు. మనిషిని ఒకసారి ఎగాదిగా చూసి, "అమ్మాయ్, నువ్వు చిక్కావే, అత్తగారు అన్నం పెట్టట్లేదేంటి?" అనేది. రెండు వీధుల ఆడవాళ్ళూ కలిసి కూర్చునే చోటు మా ఊళ్ళో అదొక్కటే. అక్కడ కూర్చుని మాగాయ ముక్కలకు ఎంత ఉప్పు పట్టిందో, ఎవరి పిల్లకి పళ్ళు వచ్చాయో, ఎవరి ఆయన ఎంత తిక్కమనిషో మాట్లాడుకుంటూ, కాజాలు కుడుతూ, హుక్కులు వేస్తూ, ఒకళ్ళ తలలో ఒకళ్ళు పేలు చూసుకుంటూ మధ్యాహ్నాలు గడిపేవారు. జాకెట్టు కుట్టించుకోవడానికి ఎవరు ఎవరింటికి వెళ్ళినా మగవాళ్ళు పట్టించుకునేవారు కాదు. అది ఆడవాళ్ళ పని, దానికి పార్టీ లేదు.

నేను అయిదో తరగతి పరీక్షలు రాసిన వేసవిలో పంచాయితీ ఎన్నికలు వచ్చాయి. ఆసారి మా సర్పంచి పదవి ఆడవాళ్ళకని రిజర్వు చేశారు. రెండు వీధుల్లోనూ మగవాళ్ళు రెండు రోజులు దిగాలుగా తిరిగారు. మూడో రోజుకి తేరుకుని, తూర్పు వీధి తరఫున మా పెద్ద తాతగారి కోడల్నీ, పడమటి వీధి తరఫున మునసబు గారి మరదల్నీ నిలబెట్టారు. మునసబు గారంటే పడమటి వీధికి పెద్ద, ఆ ఉద్యోగం ఎప్పుడో రద్దయినా పేరు పోలేదు. మా వీధికి పెద్ద మా తాతయ్య. నిలబడిన ఇద్దరమ్మల ముఖాలూ ఊళ్ళో సగంమందికి తెలియవు. కరపత్రం మీద భర్తల ఫోటో పెద్దగా, కింద వీళ్ళ పేరు చిన్నగా వేశారు.

తాయారత్త అరుగు మీద ఆ కరపత్రం చూసి అందరూ విరగబడి నవ్వారు. నవ్వు తగ్గాక, పడమటి వీధి నుంచి వచ్చిన ఒక ముసలావిడ చీర కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ అంది.

"ఆడదాని పదవైతే ఆడదాన్నే ఎట్టుకుందాం. తాయారూ, నువ్వు నిలబడవే."

"నాకేం పార్టీ ఉందండీ, నిలబడ్డానికి?"

"లేదు కాబట్టే నిలబడమంటున్నా. ఆ రెండు వాలువులూ ఒకేసారి తిప్పుతావా, తిప్పవా? అది చెప్పు."

తాయారత్త మిషను చక్రం మీద చెయ్యి వేసి ఆపింది. "తిప్పుతానండి," అంది.

అలా ఆవిడ నామినేషను వేసింది. బకెట్టు గుర్తు ఇచ్చారు. నిజానికి పంచాయితీ ఎన్నికల్లో పార్టీ గుర్తులు ఉండవు, చట్టం లెక్కన ముగ్గురూ స్వతంత్రులే. కానీ ఊళ్ళో తాయారత్తను మాత్రమే "ఇండిపెండెంటు" అనేవారు, అదేదో అంటురోగం పేరు చెప్పినట్టు. మొదట్లో మగవాళ్ళు నవ్వుకున్నారు. వారం తిరిగేసరికి ఎవరి ఇంటి ముందైనా బకెట్టు కనిపిస్తే ఆరా తీయడం మొదలైంది. మా మామ్మ తులసికోట దగ్గరి బకెట్టు తీసి దొడ్లోకి చేర్చి, మొక్కలకు చెంబుతో నీళ్ళు పోసింది.

ఆపైన బొట్టు పెట్టడాలు మొదలయ్యాయి. మా వైపు పేరంటానికి ఎలా పిలుస్తారో ఓటుకూ అలాగే పిలిచేవారు. రెండు వీధుల పెద్దింటి ఆడవాళ్ళూ కుంకం భరిణె పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, బొట్టు పెట్టి, తాంబూలంలో ఒక జాకెట్టు ముక్క పెట్టి, మోదుగాకులో కట్టిన అన్నవరం సత్యనారాయణస్వామి ప్రసాదం చేతిలో పెట్టేవారు. ఆ నేతి గోధుమనూక ప్రసాదం వేలికి అంటితే మధ్యాహ్నం దాకా వాసన పోదు. బొట్టు పెట్టించుకుని, స్వామి ప్రసాదం నోట్లో వేసుకున్నాక ఇంక ఆ మాట తప్పే ఆడది ఉండదని పెద్దల ధీమా. మా వీధి వాళ్ళు వంగపండు రంగు ముక్కలు పంచారు, పడమటి వీధి వాళ్ళు మామిడిచిగురు రంగువి. పోలింగు రోజున ఆడవాళ్ళంతా అవి కుట్టించుకుని తొడుక్కుని రావాలన్నారు. దూరం నుంచే ఎవరివాళ్ళెవరో లెక్క తెలియాలి కదా.

కానీ కుట్టించుకోవడం ఎక్కడ? రామచంద్రపురం దర్జీలకు ఆ పెళ్ళిళ్ళ సీజనులో ఊపిరాడేది కాదు. ముక్కలన్నీ తాయారత్త అరుగు మీదికే వచ్చాయి. తనను ఓడించడానికి పంచిన గుడ్డలు తనే కత్తిరించి, తనే కుట్టింది. ఒకే రంగు జాకెట్లు కుప్పలు కుప్పలుగా ఉంటే ఎవరిది ఏదో కలిసిపోకుండా, అలవాటు ప్రకారం లోపలి అంచులో ఒక్కొక్కరికి ఒక్కో రంగు దారంతో గుర్తు వేసేది. ఒకరోజు మా అమ్మ నన్ను వెంటబెట్టుకుని వెళ్ళి, తన జాకెట్టు తీసుకుంటూ, చుట్టూ చూసి గొంతు తగ్గించి, "ప్రసాదం తిన్నాను గానీ వదినా, నోటితో మాటివ్వలేదు. నా ఓటు నీదే. గుర్తుంచుకో," అంది. తాయారత్త నవ్వి, సూదిలో తెల్లదారం ఎక్కించి, వెనక అంచు మడతలో మూడు కుట్లు వేసి ఇచ్చింది. "ఇదిగో, గుర్తుంచుకున్నాను," అంది. ఆ తర్వాత వచ్చినవాళ్ళు కూడా, "నాకూ మూడు కుట్లు వెయ్యండి," అని అడగడం మొదలుపెట్టారు. వంగపండు రంగు లోపల తెల్లకుట్లు, మామిడిచిగురు రంగు లోపల తెల్లకుట్లు. జాకెట్టు లోపలి మడత ఏ మగాడు చూస్తాడు? వాళ్ళ ధైర్యం అదీ. ఆ నాలుగు రోజులూ అరుగు మీద జరిగినంత సందడి నేను మళ్ళీ ఏ పెళ్ళిలోనూ చూడలేదు. తాటిముంజలు ఒలుచుకుంటూ, పనసతొనలు పంచుకుంటూ, మాటిమాటికీ కారణం లేకుండా నవ్వేవారు. అమ్మ అలా నవ్వుతుందని నాకు అంతకుముందు తెలియదు.

తాతయ్యకు నేనంటే ప్రాణం. పోలింగు ఇంక రెండు రోజులుందనగా, మధ్యాహ్నం వసారాలో నులకమంచం మీద కూర్చుని ముంజలు బొటనవేలితో తీసి నా నోట్లో పెడుతూ, ఎవరితోనో అంటున్నాడు.

"మన వీధి ఓట్లు ఒక్కటీ అటూ ఇటూ పోదు. జాకెట్లు చూత్తే చాలు, లెక్క తెలిసిపోద్ది."

నాకు తెలిసిన సంగతి తాతయ్యకు తెలియదన్న గర్వం నా కడుపులో ఆగలేదు. నోటినిండా ముంజె రసంతో, "జాకెట్టు పైన చూస్తే తెలీదు తాతయ్యా. లోపల చూడాలి. తెల్లదారం ఉన్నవన్నీ తాయారత్తవి," అన్నాను.

తాతయ్య బొటనవేలు ముంజెలోనే ఆగిపోయింది. "ఎవరు చెప్పారమ్ములూ?" అన్నాడు, ఎంతో మెత్తగా. "అమ్మదీ ఉంది కదా!" అన్నాను నేను. నన్ను మెచ్చుకుంటాడనుకున్నాను. ఇప్పటికీ ఆ క్షణం గుర్తొస్తే నా నోట్లో ముంజె రుచి చేదైపోతుంది.

ఆయన లేచి, పోలింగుకని తడిపి దొడ్లో దండెం మీద ఆరేసిన అమ్మ కొత్త జాకెట్టు అందుకుని, లోపలివైపు తిప్పి చూశాడు. మామగారు కోడలి జాకెట్టు ముట్టుకోవడమే మా ఇళ్ళలో ఎవరూ ఎరగని పని. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది, చేతిలో అట్లకాడ అలాగే ఉంది. తాతయ్య జాకెట్టు మళ్ళీ దండెం మీద పడేశాడు. కండువా భుజాన వేసుకుని, నా పుట్టుక నుంచీ కాలుపెట్టని పడమటి వీధి వైపు నడిచి వెళ్ళాడు. నేను వెనకే పరుగెత్తి ట్యాంకు దాకా వెళ్ళి ఆగిపోయాను. కాసేపటికి తాతయ్యా, మునసబు గారూ ఇద్దరూ కలిసి వచ్చి, ట్యాంకు గట్టు మీద పక్కపక్కనే కూర్చున్నారు. ఎవరో టీ తెచ్చారు. ఒకరి గ్లాసు ఒకరికి అందించుకున్నారు! ఆ ఇద్దరూ ఎదురుపడితే మొహం తిప్పుకోవడమే చూసినదాన్ని, ఒక మైకు వైరు కోసం కొట్టుకుని పోలీసు స్టేషనుకెక్కడం విన్నదాన్ని, ట్యాంకు కాలు చాటున నిలబడి కళ్ళు నులుముకుని చూశాను. పార్టీలంటే పడనివాళ్ళని కదా నేను నేర్చుకున్నది. మరి వీళ్ళకి ఇంత పడుతుందేమిటి?

ఆ సాయంత్రం రెండు వీధుల్లోనూ మగవాళ్ళు ఎవరి దండేల మీది జాకెట్లు వాళ్ళు తిరగేశారు. కొందరు పక్కింటివాళ్ళవి కూడా తిరగేశారు. బొటనవేళ్ళ మీద జాకెట్లు బోర్లించి, మడతలు విప్పి, ఎండకు పట్టి చూస్తుంటే ఆడవాళ్ళు గుమ్మాల్లో తలలు వంచుకుని నిలబడ్డారు. ఒళ్ళు విప్పి చూపించినంత సిగ్గుతో నిలబడ్డారు. నాకు పదేళ్ళు, అంతా అర్థం కాలేదు, కానీ నా మాట వల్లే ఇదంతా జరుగుతోందని మాత్రం అర్థమైంది. ఇంట్లో తాతయ్య అమ్మకు కత్తెర అందించి, "తియ్యమ్మాయ్," అన్నాడు. అమ్మ మూడు కుట్లూ తీసింది. తెల్లదారం ముక్కలు నేలమీద పడితే మామ్మ చీపురుతో ఊడ్చేసింది. అమ్మ నావైపు చూడలేదు. చూసి తిట్టినా బాగుండేది.

పోలింగు మా బడిలోనే. రెండు వీధుల ఇళ్ళూ ఉన్న మా వార్డు బూతు నా పాత మూడో తరగతి గది. నేను అమ్మ కొంగు పట్టుకుని వెళ్ళాను. అమ్మకు ఒక పక్క నేను, ఇంకో పక్క నాన్న. నాన్న అమ్మ మోచెయ్యి పట్టుకుని నడిపిస్తున్నాడు. అమ్మా నాన్నా చెయ్యి పట్టుకుని నడవడం నేనెన్నడూ చూడలేదు, ఏదో ముద్దుగా అనిపించింది కూడా. వరండాలో చూస్తే ఆడవాళ్ళ వరుసలో చాలామందిని వాళ్ళ వాళ్ళ భర్తలో, కొడుకులో అలాగే పట్టుకుని ఉన్నారు. గదిలో బల్ల వెనక, వేరే ఊరి నుంచి వచ్చిన పోలింగు ఆఫీసరు. ఒక గోడవార బెంచీ మీద రెండు పార్టీల ఏజెంట్లు, ఎదురు బెంచీ మీద ఒక్కతే తాయారత్త. ఏజెంటుగా కూర్చోవడానికి ఎవరూ రాకపోతే తనే వచ్చి కూర్చుంది.

మా ముందు మా వీధి కాంతమ్మ గారు. ఆవిడ భర్త ముందుకు వచ్చి, "మా ఆవిడకి చూపు ఆనదండీ. ఓటు నేను తోడుండి వేయించాలండి," అన్నాడు.

చూపు లేనివాళ్ళకు తోడు వెళ్ళే వీలు చట్టంలో ఉందట. ఆఫీసరు ఏజెంట్ల వైపు చూశాడు. మామూలుగానైతే ఇలాంటి చోట వాళ్ళిద్దరూ ఒకరి మీద ఒకరు లేస్తారు.

"మాకు అభ్యంతరం లేదండి," అన్నాడు మా వీధి ఏజెంటు. "మాకూ లేదండి," అన్నాడు పడమటి వీధి ఏజెంటు.

"నాకుందండి!" తాయారత్త లేచి నిలబడింది. "నాలుగు రోజుల కిందట నా అరుగు మీద కూర్చుని సూదిలో దారం ఎక్కించిందండీ ఈవిడ. చూపు లేకపోడమేంటండీ?"

"కనపడుతుందా అమ్మా మీకు?" అన్నాడు ఆఫీసరు. కాంతమ్మ గారు భర్త వైపు చూసింది. చూసి, "కనపడదండి," అంది. ఆయన తోడు వెళ్ళి వేయించుకుని వచ్చాడు. బయటికి వెళ్ళగానే వరండాలో చెంపదెబ్బ చప్పుడు గదిలోకి వినిపించింది. "అరుగులెక్కి సూదులు ఎక్కిత్తావా? ఎక్కిచ్చు మరి!" అన్న కేక వినిపించింది. ఆఫీసరు తలవంచుకుని జాబితాలో తర్వాతి పేరు వెతికాడు.

తర్వాత మా వంతు. "మా ఆవిడకి..." అని నాన్న ఆగిపోయాడు. నాన్న నెమ్మదస్తుడు, అబద్ధం చెప్పడం రానివాడు. గుమ్మంలో తాతయ్య నిలబడి ఉన్నాడు. "చూపు ఆనదండి," అన్నాడు నాన్న నేలచూపులు చూస్తూ. అప్పుడు తెలిసింది నాకు, ఆ చెయ్యి పట్టుకోవడం దేనికో. అమ్మకు చూపు ఆనదా! సంధ్యవేళ దీపం లేకుండా బియ్యంలో రాళ్ళు ఏరే అమ్మకా! అరవబోయాను. అప్పటికే ఒకసారి నోరు తెరిచి ఊరిని ఇంత చేశానని గుర్తొచ్చి అమ్మ కొంగు నోట్లో కుక్కుకున్నాను.

ఏజెంట్లిద్దరూ అభ్యంతరం లేదన్నారు. ఆఫీసరు నిట్టూర్చి తాయారత్త వైపు తిరిగి, "మీకుందా అమ్మా?" అన్నాడు.

తాయారత్త లేవలేదు. అమ్మ చెంపల వైపు చూసింది, గుమ్మంలో తాతయ్య వైపు చూసింది. ఆ చెంపదెబ్బ చప్పుడు ఆవిడ చెవుల్లో ఇంకా ఉందని నాకిప్పుడు తెలుస్తోంది. నిలబడిన ఎన్నికలో తన ఓటు తన కళ్ళముందే పోతుంటే, మెల్లగా అంది.

"లేదండి. ఆ అమ్మగారికి కనపడదండి."

నాన్న అమ్మను అట్ట మరుగు వెనక్కి తీసుకెళ్ళాడు. ముద్ర వేసింది నాన్న. అమ్మ అటు చూడలేదు, పక్క గోడ మీద మా మేష్టారు రాయించిన అక్షరమాల వైపు తిరిగి నిలబడింది. అ, అమ్మ. ఆ, ఆవు. అమ్మ పెదవులు కదులుతున్నాయి. చూపు లేదని ఒప్పుకున్న మా అమ్మ అవన్నీ ఒక్కొక్కటే చదువుకుంటోంది. ఆ తర్వాత గుమ్మం దగ్గర కూర్చుని నేను లెక్కపెట్టాను. చేతివేళ్ళు అయిపోయి, కాలివేళ్ళ మీదికి వచ్చి, అవీ అయిపోయాక మానేశాను. వంగపండు రంగు జాకెట్లలో కొందరు, మామిడిచిగురు రంగు జాకెట్లలో కొందరు, అందరికీ ఒకే పూట చూపు పోయింది. ఎవరికీ తాయారత్త అభ్యంతరం చెప్పలేదు. బెంచీ మీద కూర్చుని, ఒక్కొక్కరికీ తలూపుతూ, తన ఓట్లు తనే పంపించేసింది.

మధ్యాహ్నం అక్కడే లెక్కపెట్టారు. తాయారత్తకు తొమ్మిది ఓట్లు వచ్చాయి. పడమటి వీధి గెలిచింది. మేం ఓడిపోయాం కాబట్టి తాతయ్య అన్నం తినడనీ, ఎప్పటిలా చెంబు విసురుతాడనీ అందరూ భయపడ్డారు. ఆయన కాళ్ళు కడుక్కుని పీట మీద కూర్చుని, పప్పులో ఆవకాయ కలుపుకుంటూ, "పోతే పోయింది. మన రెండు వీధుల్లో ఒకరికే పోయింది కదా," అన్నాడు. నాన్న కంచం ముందు నుంచి లేచి చెయ్యి కడిగేసుకున్నాడు. ఆ మాటకు నేను అదిరిపడ్డట్టు ఇంకే మాటకూ పడలేదు. అన్నేళ్ళ పోట్లాటా, రెండు పందిళ్ళూ, రెండు టీ కొట్లూ ఏమయ్యాయి? మూడోవాళ్ళు రానంతవరకేనా ఆ పగ?

అరుగు మీదికి వెళ్ళవద్దని రెండు వీధుల్లోనూ ఆడవాళ్ళకు గట్టిగా చెప్పారు. ఊళ్ళో మొదటిసారిగా రెండు వీధులూ ఒక మాట మీద నిలబడ్డాయి. కాలవకు నీళ్ళు వదిలే నాటికి తాయారత్త మిషను బండి మీద ఎక్కించుకుని సామర్లకోట వెళ్ళిపోయింది. వెళ్ళేరోజు మా ఇంటి మీదుగానే వెళ్ళింది. అమ్మ గుమ్మంలోకి రాలేదు, కిటికీ దగ్గర నిలబడింది. నేను గేటు దగ్గర ఉంటే అత్త బండి దిగి, నా పరికిణీ అంచు ఊడిందేమో చూసి, మళ్ళీ బండెక్కింది. నన్నేమీ అడగలేదు. చెప్పింది నేనేనని ఆవిడకు తెలుసో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇప్పుడా ఇల్లు లేదు, అక్కడ ఎరువుల కొట్టుంది. ట్యాంకు పడగొట్టారు, వాల్వులు ఇనప సామాన్లవాడు పట్టుకుపోయాడు, నీళ్ళు ప్లాస్టిక్ క్యాన్లలో ఆటోలో వస్తాయి. జాకెట్లు ఎవరికి వాళ్ళు రామచంద్రపురంలో కుట్టించుకుంటారు, రెండు వీధుల ఆడవాళ్ళూ కలిసి కూర్చునే అరుగు మళ్ళీ రాలేదు. తాతయ్య పోయాడు, మునసబు గారు పోయారు, నాన్న కూడా పోయాడు. పార్టీలు మాత్రం ఇప్పటికీ రెండే. పేర్లు మారి, జెండాలు మారి, రెండే ఉన్నాయి.

మొన్న అసెంబ్లీ ఎన్నికలకు అమ్మను నేనే తీసుకెళ్ళాను. అమ్మకు ఇప్పుడు నిజంగానే రెండు కళ్ళకూ శుక్లాలు, వచ్చే నెలలో ఆపరేషను. బడి బయట గోడకు అంటించిన అభ్యర్థుల పేర్లు చదివి వినిపించమంది. చదివాను. పైన రెండూ ఆ రెండు పార్టీలవే, కింద ఎవరెవరో. లోపల ఆఫీసరమ్మాయి, నా కూతురి వయసుంటుంది, అమ్మ తడుముకుంటూ నడవడం చూసి జాలిగా అంది.

"అమ్మగారూ, చూపు ఆనట్టు లేదు. మీ అమ్మాయిని తోడు తీసుకెళ్ళొచ్చండి, పర్లేదు."

అమ్మ నా చేతిలోంచి మోచెయ్యి విడిపించుకుంది. "నాకు బాగా కనపడుతుందండి," అంది. ఆ గొంతు ఆ గదికి అవసరమైనదాని కంటే పెద్దగా ఉంది. ఒక్కతే అట్ట మరుగు వెనక్కి వెళ్ళింది. చాలాసేపు పట్టింది. వెనక వరుసలో విసుక్కుంటున్నారు. ఎట్టకేలకు కీమని చప్పుడు వినిపించింది.

బయటికి వచ్చాక వరండా మెట్టు మీద కూర్చోబెట్టి, "నిజం చెప్పమ్మా, కనపడిందా?" అని అడిగాను.

"ఏం కనపడలేదే. అంతా మసకే," అంది అమ్మ, సిరా పెట్టిన వేలు చీర కొంగుకు అంటకుండా పట్టుకుని. "పైనుంచి వేలితో తడుముకుంటూ వెళ్ళాను. మొదటి రెండు మీటలూ వదిలేశాను. మూడోది నొక్కాను."

"మూడో అతనెవరో కూడా నీకు తెలీదు కదమ్మా?"

"తెలీదు," అంది. నా చెయ్యి వెతుక్కుని పట్టుకుంది. "తాయారు వదినకి బాకీ ఉన్నానే."